ఐదు సెకన్లు, వెయ్యి మెట్లు

రేసు అయిపోయి, గెలిచినవాడు కప్పు ఎత్తి, షాంపేను నెత్తిన పోసుకుని, వాళ్ళ దేశం పాట కూడా వాయించేశాక, ఎక్కడో లోపల గదిలో కూర్చున్న పెద్దమనుషులు తీరిగ్గా వచ్చి 'లేదు బాబూ, నువ్వు గెలవలేదు' అనొచ్చా? అనొచ్చట. కార్ల రేసుల్లో రూలు అలాగే ఉందట. ఆ రూలు రాసినవాడు దొరికితే వాడితో నేను మాట్లాడాల్సింది చాలా ఉంది. అలాంటిది, ఆ వారమంతా మా ఇంట్లో ఆ పెద్దమనుషుల తరఫున వకాల్తా పుచ్చుకుని వాదించే గతి నాకే పట్టింది. అదీ మా అత్త ముందు.

నా పేరు ఉమామహేష్. పోర్టు దగ్గర ఒక కంటైనర్ యార్డులో క్రేను నడుపుతాను. మా అత్త సూర్యకాంతమ్మ వయసులో ఉన్నన్నాళ్ళూ తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి పోయి, వేలంలో చేపలు పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మిన మనిషి. ఆ గంపలు మోసీ మోసీ కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది. ఈ వేసవిలో ఆపరేషన్ చేసి కొత్త కీలు వేశారు. "నడవండి, ఎంతైనా నడవండి. మెట్లు మాత్రం ఇప్పట్లో ఎక్కొద్దు. కీలు కదిలిందంటే మళ్ళీ కొయ్యాలి" అని డాక్టరు ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. మాది కింది వాటా కాబట్టి, కాలు కుదుటపడేదాకా ఉండమని మా ఆవిడ ఈశ్వరి తల్లిని మా ఇంటికి తెచ్చుకుంది.

మావాళ్ళలో అత్త అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చోదు. అల్లుడి పేరు పలకదు. మొహం చూసి మాట్లాడదు. ఏం చెప్పాలన్నా కూతురితో చెప్పిస్తుంది, కూతురు ఇంట్లో లేకపోతే గోడకి చెబుతుంది. ఇదివరకు మా ఇంటికి వస్తే వంటగదిలో నేల మీద గోడవారగా కూర్చునేది. కొత్త మోకాలితో నేల మీద కూర్చోకూడదు. అందుకని వంటగది గడపకి అవతల ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుంది. గడప అవతల ఉన్న కుర్చీ కుర్చీ కిందకి రాదని ఆవిడ తీర్పు. అక్కణ్ణుంచి చూస్తే హాల్లో టీవీ నిక్షేపంగా కనబడుతుంది.

కార్ల రేసుల పిచ్చి నాకు అంటించింది ఆవిడ కొడుకు సత్యం. నాకు బావమరిది, అంతకుముందు నుంచీ స్నేహితుడు. బోటు డ్రైవరు. వారాలకి వారాలు సముద్రం మీద నత్తనడక నడిచే బోటు నడిపేవాడికి, టీవీలో కారు తుపాకీ గుండులాగా పోతుంటే కడుపు నిండేది. చేపల వేట లేని ఆదివారం సాయంత్రం మా ఇంట్లో వాలిపోయేవాడు. ఇద్దరం కలిసి అరిచే అరుపులకి పక్క వాటావాళ్ళు గోడ కొట్టేవాళ్ళు. ఫార్ములా వన్‌లోకి అప్పుడే కొత్తగా వచ్చిన ఒక కుర్రవాణ్ణి చూసి, "ఈ గుంటడు ఎప్పుడో ఒకప్పుడు గెలుత్తాడు బావా, రాసి పెట్టుకో" అన్నాడు. మావైపు గుంటడంటే చిన్న కుర్రాడు. ఆ పిల్లాడి అసలు పేరు మా ఎవరి నోటా తిన్నగా పలికేది కాదు. గుంటడే ఖాయమైపోయాడు.

కిందటేడు వేటలో ఉండగానే సత్యానికి గుండె ఆగిపోయింది. బోటు తిరిగి హార్బర్‌కి వచ్చేసరికి ఇక చేయడానికి ఏమీ లేదు. ఆ తర్వాత నేను రేసులు చూడ్డం మానేశాను. మానేద్దామని అనుకోలేదు, ఆదివారం సాయంత్రమయ్యేసరికి బయటికి పోయేవాణ్ణి, అంతే.

అత్త మా ఇంటికి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం నేను చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే, వంటగదిలోంచి గొంతు వినబడింది.

"ఒలే ఈశ్వరీ, ఇయ్యాల ఆదివారం కాదేటి? ఆ కార్ల పందెం రాదా? మీ ఆయన్ని పెట్టమను. పొద్దు పోటంనేదు నాకు."

పెట్టాను. పెద్దావిడ అడిగితే ఎలా కాదంటాను? కార్లన్నీ ఒక చుట్టు తిరిగాక మళ్ళీ గొంతు. "ఒలే, మా సత్యం సెప్పీవోడు, ఆ గుంటడు ఏడి? అందులో ఏ బండి ఆడిది?" ఆకుపచ్చ బండి అని ఈశ్వరితో చెప్పించాను. అంతే. ఆ రోజు నుంచి ఆకుపచ్చ బండికి మా అత్తని మించిన మనిషి భూమండలం మీద లేదు. టైర్లు మార్చడానికి బండి ఆగితే, "పాపం, దాహానికి ఏటన్నా ఇత్తారా ఆడికి?" అని అడిగేది. వాన పడితే తలుపు దగ్గరికి పోయి మా వీధిలో కూడా పడుతోందా అని చూసొచ్చేది.

ఇక ఆ ఆదివారం సంగతి.

ఆ సాయంత్రం రేసు చూడ్డానికి అప్పలసూరి కూడా వచ్చాడు. మా వీధిలోనే ఉంటాడు, ఐస్ ప్లాంటులో పని. నన్ను బావా అంటాడు గానీ చుట్టరికం ఏమీ లేదు, మా ఊళ్ళో అందరూ అందరికీ బావలే. వాడిది గెడ్డం డ్రైవరు పార్టీ. గెడ్డం డ్రైవరంటే ఎన్నో కప్పులు కొట్టిన మొనగాడు. అలాంటివాడి వెనకే ఆ రోజు మా గుంటడు రేసంతా నీడలాగా పడ్డాడు. చివరి చుట్లు వచ్చేశాయి. వంటగదిలో మాటా పలుకూ లేదు. ఈశ్వరి తొంగి చూస్తే వాళ్ళమ్మ కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించి ఉందట.

ఒక పెద్ద మలుపులో గుంటడు బయటి వైపు నుంచి ముందుకొచ్చాడు. గెడ్డపోడు వాడి మీదకి బండి తోసుకొచ్చాడు. చోటు లేక గుంటడు తెల్లగీత దాటి బయటికి పోయి, ఇసకలో దుమ్ము లేపుకుంటూ, మళ్ళీ రోడ్డెక్కి, ముందే నిలబడ్డాడు! టీవీ కింద చిన్న అక్షరాలు వచ్చాయి, ఈ సంగతి రేసయ్యాక విచారిస్తామని. ఎవడు చూశాడు ఆ అక్షరాలు? గుంటడు మొదటివాడుగా గీత దాటేశాడు. గెడ్డపోడు వాడి వెనక మూడు సెకన్లకి వచ్చాడు.

నేనేం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. ఈశ్వరి చెప్పిన ప్రకారం, ఓడిపోయిన పార్టీవాడన్న జాలి కూడా లేకుండా అప్పలసూరిని నడుం పట్టుకుని ఎత్తి గిరగిరా తిప్పేశాను. వాడు "ఒగ్గీ బావా, ఒగ్గీ, నడుం ఇరిగిపోద్ది" అని గోల పెడుతుంటే పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వీ నవ్వీ కళ్ళమ్మట నీళ్ళొచ్చి మంచం మీద కూలబడ్డాను. పక్కవాటావాళ్ళు చాలా కాలానికి మళ్ళీ గోడ కొట్టారు. గుంటడు కప్పు ఎత్తుకున్నాడు. వాళ్ళ అమ్మ అనుకుంటాను, కింద నిలబడి ఏడుస్తోంది. ఈశ్వరి అందరికీ పంచదార పెట్టింది.

భోజనాల దగ్గర కూర్చున్నాక అప్పలసూరి ఫోన్ చేశాడు. వాడి గొంతులో సంతోషం చూస్తేనే నాకు కీడు తోచింది.

"బావా, సూసావేటి? గుంటడికి ఐదు సెకన్ల పెనాల్టీ ఏసినారు. గీత దాటి లాభం పొందాడంట. మూడు సెకన్ల మీద గెలిసినోడు ఐదు సెకన్లు కలిపితే రెండోవోడైపోనాడు. మావోడు ఫస్టు!"

ముద్ద నోటిదగ్గరే ఆగిపోయింది. తర్వాత నేను ఆ పెద్దమనుషుల్ని ఏమన్నానో ఇక్కడ రాయడం బాగోదు. గుడ్డి వెధవలన్నది అందులో మర్యాదగా ఉన్న మాట. తోసినవాణ్ణి వదిలేసి తోయించుకున్నవాడికి శిక్షా? బయటికి పోకపోతే గోడకి గుద్దుకుని ఉండేవాడే, అప్పుడు సంతోషించేవాళ్ళా? టీవీని అడిగాను, ఈశ్వరిని అడిగాను, చేపలపులుసుని అడిగాను. వంటగదిలోంచి మాత్రం ఒక్క మాట రాలేదు. పాపం ముసలావిడకి మనసు కష్టపడిందనుకున్నాను.

మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఈశ్వరి వీధి గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"మావా, మాయమ్మ కొంప ముంచీసింది. పసుపు పేకెట్లు తెప్పించుకుని కూకుంది. ఎందుకే అంటే, నిన్న రేసు ఆకర్ని అప్పన్నకి మొక్కీసిందంట. శనివారం సింహాచలం మెట్లెక్కి, మెట్టు మెట్టుకీ పసుపూ కుంకం రాత్తదంట."

సింహాచలం అంటే వెయ్యి మెట్లు. ప్రతి మెట్టు దగ్గరా వంగాలి, పసుపు రాయాలి, బొట్టు పెట్టాలి, లేవాలి. బాగా ఉన్న మోకాళ్ళే గడగడలాడతాయి. మొన్న మొన్న వేసిన కీలు ఏం కావాలి? మళ్ళీ కోతంటే ఆ వయసులో ఆవిడ మంచం దిగుతుందా?

"బస్సులో ఎల్లి దండం పెట్టుకుంటే సాలదంటనా?"

"అడిగాను. మెట్లకి మొక్కి బస్సెక్కితే అప్పన్నకి టోపీ ఎట్టినట్టు కాదేటి అంది. ఇంకేటి సెప్పమంటావు?" ఈశ్వరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వే ఏదో ఒకటి సెయ్యి మావా. నా మాట ఇనదు."

బుర్ర గోక్కుంటూ హాల్లో కూర్చున్నాను. అప్పుడు వెలిగింది. గుంటడు గెలిస్తే కదా మొక్కు! గెలవలేదుగా! పెనాల్టీ పడిందిగా! లోకంలో ఏ రేసు పిచ్చివాడికీ పట్టని అదృష్టం నాకు పట్టింది. నా కడుపు మండించిన ఆ ఐదు సెకన్లే మా అత్త మోకాలిని కాపాడాలి. కాకపోతే ఆ పెనాల్టీ న్యాయమని ఆవిడ చేత ఒప్పించాలి.

గొంతు సవరించుకున్నాను. "ఈశ్వరీ, మీ అమ్మకి సెప్పు. గుంటడు గెలవనేదు. రెండోవోడు. గెలవనప్పుడు మొక్కెక్కడిది?"

గడప అవతల కుర్చీ కిర్రుమంది. "ఒలే, రాత్రి ఆ పెద్దమనుసుల్ని గుడ్డి ఎదవలన్నది ఎవులో అడుగు."

"కోపంలో అన్నాను. ఇయ్యాల నెమ్మదిగా ఆలోసిత్తే ఆళ్ళు సెప్పిందీ కరెక్టే."

"ఒక్క రాత్రిలో కళ్ళొచ్చీసినాయేటే ఆళ్ళకి?"

ఈశ్వరి నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. నేను తగ్గలేదు. తెల్లగీత దాటకూడదని రూలు ఉందన్నాను. దాటి ముందుకు పోతే ఆ చోటు తిరిగి ఇచ్చెయ్యాలన్నాను. ఇవ్వలేదు కాబట్టి శిక్ష పడిందన్నాను. చెబుతున్నకొద్దీ నా నోరు నాకే చేదుగా తగిలింది.

"అడుగే," అంది అత్త, "ఎదర బోటోడు మన మీదకి తోసుకొచ్చేత్తంటే సుక్కాని పక్కకి తిప్పుకుంతామా, నేకపోతే తిన్నగా ఎల్లి ముక్కలైపోతామా? తిప్పుకున్నోడిది తప్పా, మీదకొచ్చినోడిది తప్పా? తెల్లగీతంట తెల్లగీత. బతకడానికి గీత దాటినోడికి సిచ్చేటి?"

సరిగ్గా రాత్రి నేను చేపలపులుసుకి చెప్పిన వాదనే. శభాష్ అత్తా అనబోయి నాలిక కరుచుకున్నాను. లోపల నా మనసు ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది, పైన నా నోరు మాత్రం శత్రువులకి సాక్ష్యం చెబుతోంది.

మధ్యవర్తిగా ఉంటాడని మంగళవారం అప్పలసూరిని పిలుచుకొచ్చాను. వాడు మనస్ఫూర్తిగా పెనాల్టీని నమ్మినవాడు కదా. పాపం ఫోన్లో వీడియో పెట్టి, ఆపి, చూపించి, నాలుగు చక్రాలూ గీత అవతల ఉన్నాయని మహా శ్రద్ధగా చెప్పాడు. అత్త అంతా విని, "ఒరే అప్పలసూరీ, నీ గెడ్డపోడి సక్రాలు ఎక్కడున్నాయో అది కూడా ఆపి సూపించరా" అంది. వాడు చూపించాడు. గెడ్డపోడి బండి గుంటడి బండిని ఆనుకునే ఉంది. "ఎంత మొనగాడైతే మాత్రం, సిన్న గుంటణ్ణి ఇసకలోకి తోసీసి గెలవాలేటి? సిగ్గనిపించటం నేదా?" అంది. తోసింది తనే అన్నట్టు అప్పలసూరి తల దించుకుని, టీ కూడా తాగకుండా పోయాడు.

ఆ తర్వాత ఫోన్లో మరో కబురు వచ్చింది. గుంటడి టీమువాళ్ళు కొత్త వీడియో ఏదో పట్టుకుని, మళ్ళీ విచారించమని పెద్దమనుషులకి అర్జీ పెట్టారు. నాకు ఆశ పుట్టింది, వెంటనే భయం వేసింది. పెనాల్టీ కొట్టేస్తే గుంటడు గెలిచినట్టే. మా అత్త కొండెక్కినట్టే. రేసులు చూసిన ఇన్నేళ్ళలో మొదటిసారి, మా గుంటడు ఓడిపోవాలని దేవుడికి దండం పెట్టుకున్నాను. సత్యం వింటే నా వీపు చీరేసేవాడు.

"తేలేదాకా ఆగమను మీ అమ్మని" అన్నాను ఈశ్వరితో.

"శనివారం లోపల తేల్సమను" అంది అత్త, ఆ పెద్దమనుషులు మా యార్డులో నా కింద పనిచేస్తున్నట్టు.

తేల్చారు. గురువారం మధ్యాహ్నం క్రేను దిగి ఫోన్ చూసుకుంటే, అర్జీ కొట్టేశారని ఉంది. పెనాల్టీ ఖాయం, గెలుపు గెడ్డపోడిదే. "హమ్మయ్య" అని పైకే అన్నాను. అంటూనే దుఃఖం పొంగుకొచ్చింది. వాడు గెలిచాడు, నా కళ్ళతో చూశాను, సత్యం చెప్పినట్టే గెలిచాడు. ఆ గెలుపు పోయిందని తెలిసి ఊపిరి పీల్చుకుంటున్నాను. టిఫిన్ డబ్బా విప్పకుండానే మళ్ళీ క్రేనెక్కేశాను.

ఇంటికి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా హాల్లో నిలబడి చెప్పేశాను. "ఈశ్వరీ, మీ అమ్మకి సెప్పు. అర్జీ కొట్టీసినారు. ఇంక దానికి పైకోర్టు నేదు. గుంటడు ఓడిపోనాడు. మొక్కు సెల్లదు. శనివారం ఎవులూ ఎక్కడికీ ఎల్లక్కరనేదు."

వంటగదిలో కుర్చీ జరిగింది. చేతికర్ర నేల మీద తాకింది. మా అత్త గడప దాటి హాల్లోకి వచ్చి, నాకు నాలుగడుగుల దూరంలో నిలబడింది. పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో ఆవిడ నా ఎదురుగా అలా నిలబడ్డం నేను చూడలేదు. గరిటె పట్టుకుని ఈశ్వరి అలాగే ఉండిపోయింది. అత్త నా మొహం వైపు చూడలేదు, కట్టేసి ఉన్న టీవీ వైపు చూస్తూ మాట్లాడింది. కానీ ఆ మాట కూతురికి కాదు, గోడకి కాదు.

"బాబూ, గుంటడు గెలవాలని నానెప్పుడు మొక్కాను?"

నాకు అర్థం కాలేదు. "రేసు ఆకర్ని మొక్కుకున్నావంట కదత్తా?"

"రేసప్పుడే మొక్కాను. గుంటడికని ఎవులు సెప్పారు? ఆడికి నా మొక్కెందుకు, ఆడికి ఆళ్ళమ్మ ఉంది." కర్ర రెండో చేతిలోకి మార్చుకుంది. "సత్యం పోయిన కాడ్నుంచీ బాబు నవ్వడం నాను సూణ్ణేదు. తింటన్నాడు, పనికెళ్తన్నాడు, నా మందులు మర్సిపోకుండా తెత్తన్నాడు. నవ్వు మాత్రం నేదు. నా కొడుకెలాగూ రాడు. ఆడ్ని తిరిగిమ్మని అప్పన్నని అడగ్గలనా? అందుకే అడగ్గలిగిందే అడిగాను. తండ్రీ, మా అల్లుడు ఎనకటి లాగ ఒక్కపాలి నవ్వీసినాడంటే, నీ మెట్లన్నిటికీ పసుపు రాత్తానన్నాను."

ఈశ్వరి గరిటె కింద పెట్టేసింది.

"నవ్వాడు కదా మరి బాబు? అప్పలసూరిని ఎత్తుకుని ఇల్లెగిరిపోయేలాగ నవ్వాడు కదా? గుంటడి కప్పు ఆళ్ళు లాక్కుంటే లాక్కున్నారు, ఆ గొడవ ఏరు, అది అన్యాయమని నాను సచ్చేదాకా అంతాను. నాను కోరింది మాత్రం తీరిపోయింది. బాబు నవ్విన నవ్వుకి ఏ పెద్దమనుసులు పెనాల్టీ ఏత్తారు?"

నాలుగు రోజులుగా నేను వాదించిన రూళ్ళూ గీతలూ సెకన్లూ అన్నీ నా నెత్తిన పడ్డాయి. కన్నకొడుకు పోయిన మనిషి, ఎవరి కొడుకో నవ్వడం లేదని దిగులు పెట్టుకుంది. రేసులంటే ఏమిటో తెలియని ఆవిడ ఆదివారం టీవీ పెట్టమని ఎందుకు అడిగిందో అప్పటికి గాని నా మట్టిబుర్రకి ఎక్కలేదు. పొద్దుపోక కాదు.

చేతిలో టిఫిన్ డబ్బా కింద పెట్టాను. "అయితే అత్తా, నవ్వింది నాను. ఆ మెట్లు నాను ఎక్కాల."

"మగోడివి, పసుపు నువ్వు రాత్తావేటి? నలుగురూ నవ్వరా?" అని నోరు జారి, నువ్వు అన్నందుకు నాలిక కరుచుకుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వనీ. నవ్వాలనే కదా మొక్కింది."

ఆవిడ ఒప్పుకోలేదు. రాత్రి భోజనాల దాకా ఈశ్వరి బతిమాలింది. చివరికి ఒక రాజీకి వచ్చింది. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, మొదటి మెట్టుకి తన చేత్తో పసుపు రాస్తుంది. మిగతావన్నీ నావి. తనూ ఈశ్వరీ బస్సులో పైకి వెళ్ళి, నేను వచ్చేదాకా గుడి దగ్గర కూర్చుంటారు. నేను ఎక్కడానికి ముందు ఎవరో ఒకరు నా చేతికి మంచినీళ్ళ సీసా ఇవ్వాలని కూడా షరతు పెట్టింది.

శనివారం పొద్దున్న తొలిపావంచా దగ్గర అత్త కర్ర ఈశ్వరికిచ్చి, నిలబడే వంగి, మెట్టుకి నిండుగా పసుపు రాసి బొట్లు పెట్టింది. పళ్ళెం నాకు అందించింది. వాళ్ళ బస్సు మలుపు తిరిగేదాకా ఆగి, నేను రెండో మెట్టు దగ్గర వంగాను.

మొదట్లో చాలా మెట్లు ఆ పెద్దమనుషుల్ని తిట్టుకుంటూనే ఎక్కాను. అలవాటైపోయింది మరి. వంగడం, రాయడం, బొట్టు పెట్టడం, లేవడం. దారిన పోయే కుర్రాళ్ళు "ఏటి బావా, మీ ఇంట్లో ఆడోళ్ళు నేరేటి?" అని ఆటపట్టించారు. సగం కొండకి వచ్చేసరికి తిట్లు అయిపోయాయి, ఊపిరి చాల్లేదు. తిట్లు అయిపోయిన చోట సత్యం వచ్చి కూర్చున్నాడు. గుంటడు గెలుస్తాడని రాసి పెట్టుకోమన్నాడు. గెలిచాడ్రా, నేను చూశాను, పేపర్లో ఏం రాసుకున్నా సరే నేనూ మీ అమ్మా చూశాం అని చెప్పాను. వాడు పోయాక వాడితో నేను మాట్లాడ్డం అదే మొదటిసారి.

నా వెనకాల ఒక పెద్దావిడ తన దారిన తను మెట్లకి పసుపు రాసుకుంటూ వస్తోంది. పక్క మెట్టు మీద ఊపిరి తీసుకోవడానికి ఆగి నన్ను ఎగాదిగా చూసింది.

"మగపిల్లోడివి నువ్వు రాత్తన్నావేటి నాయినా? ఏటి మొక్కు? ఉద్యోగానికా, పిల్లలకా?"

"మా అత్త మొక్కిందమ్మా," అన్నాను. "నాను నవ్వాలని."

"ఆవిడికి మగపిల్లలు నేరా?" అని అడిగింది.

"ఒకడుండేవోడు. కిందటేడు పోయాడు."

ఆ మాట నేను ఎవరితోనూ అంత తిన్నగా చెప్పి ఎరగను. చెప్పాక ఇంక ఆగలేదు, కళ్ళు ధారకట్టాయి. రెండు చేతులకీ మోచేతుల దాకా పసుపు, తుడుచుకుందామన్నా వీల్లేదు. ఆ పెద్దావిడ తన పళ్ళెం మెట్టు మీద పెట్టి, దగ్గరికి వచ్చి, చీర చెంగుతో నా మొహం తుడిచింది. తర్వాత తన పళ్ళెం అందుకుని, నడుం మీద ఒక చెయ్యి వేసుకుని నెమ్మదిగా పైమెట్టు ఎక్కుతూ, "రా నాయినా, ఇంకా సానా ఉన్నాయి" అంది.